విద్యార్థి బృందం తన ప్రాజెక్టును పరిశ్రమ నిపుణుల ముందు వివరించడం ఎలా: విజయవాడ, గుంటూరు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో విద్యార్థులు తమ ప్రాజెక్టును ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు వైవాలో వివరిస్తారు. అక్కడి ప్రశ్నలు చాలావరకు విద్యార్థి ఏం నేర్చుకున్నాడన్న విషయం చుట్టూ తిరుగుతాయి. అదే ప్రాజెక్టును గుంటూరులో కోల్డ్ స్టోరేజీ నడిపే యజమాని, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించే వర్క్‌షాపు నిర్వాహకుడు, గన్నవరం దగ్గర కేసరపల్లి ఐటీ పార్కు నుంచి వచ్చిన మేనేజరు ఒకే వరుసలో కూర్చుని వింటున్నప్పుడు, వారిలో ఎవరికీ మార్కులు వేసే పని ఉండదు. ఈ బృందంతో మళ్లీ మాట్లాడాలా, తమ చోట ఈ పరికరాన్ని కొన్నాళ్లు పెట్టి చూడనివ్వాలా, వీరిలో ఒకరిద్దరిని ఇంటర్న్‌షిప్‌కు పిలవాలా, లేక మర్యాదగా చప్పట్లు కొట్టి వెళ్లిపోవాలా అన్నది మాత్రమే వారు తేల్చుకుంటారు. వారు తీసుకునే ఆ నిర్ణయం దగ్గర మొదలుపెట్టి, అందుకు ఏమేమి సిద్ధం చేయాలో వెనక్కి లెక్కగట్టుకుంటూ రావాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన పద్ధతి.

వివరణ తేలికగా ఉండేందుకు ఒక ఊహా బృందాన్ని తీసుకుందాం. నలుగురు విద్యార్థులు ఎండు మిర్చిని నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ చాంబర్లలో ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను ఎప్పటికప్పుడు కొలిచి, నిర్ణయించిన హద్దు దాటగానే సూపర్‌వైజరు ఫోన్‌కు సందేశం పంపే పరికరాన్ని తయారుచేశారనుకుందాం. మిర్చి యార్డు ఉన్న గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు కాబట్టి, ఇలాంటి ప్రాజెక్టును విని తప్పొప్పులు చెప్పగలవారు దూరంలో ఉండరు. వేరే విషయంపై పనిచేసిన బృందాలు కూడా ఇవే అడుగులను తమ పనికి అన్వయించుకోవచ్చు.

వినేవారు ఎవరో ముందుగా తెలుసుకోవడం

కార్యక్రమం ఖరారైన రోజే నిర్వాహకులను అడగవలసిన మొదటి ప్రశ్న, వచ్చేవారి హోదా ఏమిటని. పేర్ల కంటే హోదాలే ఇక్కడ ఎక్కువ ఉపయోగపడతాయి. యజమాని వింటే ఖర్చు, నష్టం, పనివారి ఇబ్బంది గురించి ఆలోచిస్తాడు. నిర్వహణ ఇంజనీరు వింటే పరికరం ఎప్పుడు పాడవుతుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారని ఆలోచిస్తాడు. సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి వచ్చినవారికి మిర్చితో సంబంధం లేకపోయినా, సమస్యను ముక్కలుగా విడగొట్టిన తీరును, కోడు రాసిన క్రమశిక్షణను గమనిస్తారు. నియామకాల విభాగం నుంచి వచ్చినవారి దృష్టి పరికరం కంటే బృందంలోని మనుషుల మీదే ఎక్కువగా ఉంటుంది. నలుగురినీ సమానంగా మెప్పించాలని ప్రయత్నిస్తే ప్రసంగం చప్పబడుతుంది. కాబట్టి ఆ గదిలో మీకు కావలసిన నిర్ణయం ఎవరి చేతిలో ఉందో గుర్తించి, ప్రధాన ప్రసంగాన్ని ఆ వ్యక్తి కోసం తయారుచేసి, మిగిలినవారికి అవసరమైన వివరాలను ప్రశ్నల సమయానికి అట్టిపెట్టుకోవడం మంచిది.

వారి పనిచోటును చూసి రావడం

ఈ అడుగును చాలా బృందాలు వదిలేస్తాయి. ప్రయోగశాలలో పనిచేసిన పరికరాన్ని ఆ చోటు చూడకుండానే నిపుణుల ముందుకు తీసుకువెళ్తే, ఆ సంగతి మొదటి రెండు ప్రశ్నల్లోనే బయటపడుతుంది. మన ఊహా బృందం ఒక కోల్డ్ స్టోరేజీని స్వయంగా చూస్తే తెలిసే విషయాలు ఎన్నో ఉన్నాయి. చాంబరు గోడలకు మందమైన ఇన్సులేషన్ ఉంటుంది, చాలాచోట్ల దానిపై లోహపు రేకులు కూడా ఉంటాయి కాబట్టి వైఫై సంకేతం తలుపు దాటి బయటికి రావడమే కష్టం. తలుపు తెరిచినప్పుడు బయటి వేడిగాలి తేమతో సహా లోపలికి చొరబడి, చల్లగా ఉన్న సెన్సర్‌పై నీటి చెమ్మగా పేరుకుంటుంది, అప్పుడు తేమ అంకె అమాంతం పెరుగుతుంది. మిర్చి టిక్కీలను, అంటే మిర్చి నింపిన బస్తాలను పైకప్పు దాకా పేర్చితే, పరికరాన్ని ఎక్కడ బిగించాలి, హమాలీలు మోసే బస్తా తగలకుండా ఎలా కాపాడాలి అన్న ప్రశ్నలు తలెత్తుతాయి. వీటిలో ఏ ఒక్కటీ ప్రయోగశాలలోని బల్ల మీద కనబడదు.

వెళ్లే సమయాన్ని కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డుకు సరుకు ముమ్మరంగా వస్తుంది, అదే కాలంలో కాలేజీల్లో ప్రాజెక్టు పని కూడా ముగింపుకు వస్తుంది. సరుకు దింపే వేళకు వెళ్లి సూపర్‌వైజరును ప్రశ్నలతో నిలబెట్టడం సబబు కాదు. ముందుగా ప్రాజెక్టు గైడ్‌గా ఉన్న అధ్యాపకుని ద్వారా ఫోన్ చేయించి, వారికి తీరిక ఉండే గంట తెలుసుకుని వెళ్లాలి. అక్కడ మీ పరికరం గురించి చెప్పడం కంటే, ఇప్పుడు ఉష్ణోగ్రతను ఎవరు చూస్తున్నారు, ఏ రిజిస్టరులో రాస్తున్నారు, రాత్రిపూట కంప్రెసరు ఆగిపోతే ఎవరికి ఎలా తెలుస్తోంది అని అడిగి రాసుకోవాలి. ఆ జవాబులే తర్వాత మీ ప్రసంగానికి మొదటి నిమిషం అవుతాయి. ఫొటోలు తీసే ముందు అనుమతి అడగాలి, వాటిని నలుగురి ముందు చూపించాలనుకుంటే అందుకు మరోసారి విడిగా అడగాలి.

ఏం కోరుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోవడం

స్లైడ్లు తెరవక ముందే బృందమంతా కూర్చుని ఒక వాక్యం రాయాలి: ఈ ప్రసంగం ముగిశాక వినేవారు మాకోసం ఏం చేయాలి? "మా ప్రాజెక్టును అభినందించాలి" అన్నది జవాబు కాదు. "మీ కోల్డ్ స్టోరేజీలో ఒక చాంబరులో మా పరికరాన్ని 30 రోజులు పెట్టి, మీ రిజిస్టరు అంకెలతో పోల్చుకునే అవకాశం ఇవ్వండి" అన్నది జవాబు. కోరిక ఎంత చిన్నదైతే ఒప్పుకోవడం అంత సులువు. పెట్టుబడి పెట్టండి, పేటెంటు కొనండి అని మొదటి పరిచయంలోనే అడిగే బృందాన్ని అనుభవజ్ఞులు చిరునవ్వుతో దాటవేస్తారు. ఒక చాంబరు, ఒక నెల, ఖర్చు మాదే అని అడిగితే మాత్రం కాదనడానికి వారికి కారణం వెతుక్కోవలసి వస్తుంది.

ఈ వాక్యం తేలాక, ప్రసంగంలోకి వచ్చే ప్రతి అంశానికీ ఒక పరీక్ష పెట్టవచ్చు. మైక్రోకంట్రోలరు చరిత్ర, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ నిర్వచనం, గత పరిశోధనల జాబితా వంటివి ఆ యజమాని నిర్ణయానికి ఏమైనా తోడ్పడతాయా అని అడిగితే, రిపోర్టులోని మొదటి రెండు అధ్యాయాలు దాదాపుగా ప్రసంగం నుంచి తప్పుకుంటాయి. వాటి చోటు రిపోర్టులోనే.

అంకెలను నిలదీయడానికి వీలుగా సిద్ధం చేసుకోవడం

విద్యార్థి ప్రాజెక్టులను నిపుణులు ఎక్కువగా పట్టుకునేది ఇక్కడే కాబట్టి, సిద్ధపడే సమయంలో పెద్ద భాగం దీనికే కేటాయించాలి. "మా పరికరం 98 శాతం కచ్చితత్వంతో పనిచేస్తుంది" అనే వాక్యం వినగానే ఏ ఇంజనీరైనా, దేనితో పోల్చి, ఎన్నిసార్లు కొలిచి, ఏ పరిస్థితుల్లో అని అడుగుతాడు. ఈ మూడింటికీ జవాబు లేని శాతం ప్రసంగానికి బలం ఇవ్వకపోగా మిగిలిన మాటల మీద కూడా అనుమానం తెస్తుంది.

మన ఊహా బృందం విద్యార్థి ప్రాజెక్టుల్లో బాగా వాడుకలో ఉన్న డీహెచ్‌టీ22 సెన్సరును వాడిందనుకుందాం. దాని తయారీ పత్రం ప్రకారమే తేమ కొలతలో 2 నుంచి 5 శాతం వరకు, ఉష్ణోగ్రతలో సుమారు అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు. అలాంటప్పుడు తెరపై తేమను 62.37 శాతమని రెండు దశాంశ స్థానాలతో చూపిస్తే, చూసేవారికి పరికరం గొప్పగా తోచదు, బృందానికి కొలత గురించి తెలియదని తోస్తుంది. 62 అని చూపించి, ఈ అంకె కొన్ని పాయింట్లు అటూఇటూ కావచ్చని నోటితో చెప్పడమే సరైన పని.

సెన్సరును సరిచూసుకోవడానికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. మామూలు ఉప్పును నీటిలో కరగనంత దాకా కలిపి, తడి ఉప్పు అడుగున మిగిలి ఉండగా, గాలి చొరబడని డబ్బాలో సెన్సరుతోపాటు కొన్ని గంటలు ఉంచితే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ డబ్బాలోని గాలి తేమ దాదాపు 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఉప్పునీరు సెన్సరుకు తగలకుండా మాత్రం చూసుకోవాలి. మీ సెన్సరు అక్కడ 75 బదులు 71 చూపిస్తే, ఆ తేడాను ఎలా సరిచేశారో ఒక పట్టికలో చూపించండి. ఈ ఒక్క పట్టిక, పది స్లైడ్ల బొమ్మల కంటే ఎక్కువ గౌరవం తెస్తుంది.

పోలిక దేనితో అన్నది మరో ముఖ్య విషయం. గాలిలోని తేమను కొలిచి, దాని ఆధారంగా మిర్చి కాయలోని తేమ ఇంత అని చెబుతున్నట్లయితే, వినేవారిలో సుగంధ ద్రవ్యాల ఎగుమతి తెలిసినవారు ఒక్కరున్నా వెంటనే ఆపుతారు. సుగంధ ద్రవ్యాల్లో తేమను నిర్ధారించడానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 939 ఉంది, అది టొలూన్ వంటి ద్రావకంతో నీటిని వేరుచేసి కొలిచే స్వేదన పద్ధతి. ఆ పద్ధతితో పోల్చి చూడకుండా కాయ తేమ గురించి మాట్లాడకూడదు. గాలి తేమ వరకే మా పని పరిమితమని చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు.

నమూనా ఎంత అన్నదీ అలాంటిదే. ఒక చాంబరులో, తలుపు దగ్గర, ఒకే మూలన పెట్టిన సెన్సరుతో వారం రోజులు కొలిచి, చాంబరంతా ఇలాగే ఉంటుందని అనలేము. పేర్చిన టిక్కీల మధ్య గాలి ఆడే తీరు వేరు, కూలింగ్ కాయిల్ ఎదుట వేరు. ఎన్ని చోట్ల, ఎన్ని రోజులు, ఏ నెలలో కొలిచారో ఫలితం ఉన్న స్లైడు మీదే రాయాలి. ఫలితం ఒకచోట, పరిమితి మరెక్కడో ఉంటే దాచిపెట్టినట్లే కనబడుతుంది.

ఇక ఖర్చు. పరికరం తయారీకి 1,800 రూపాయలు అయిందని చెప్పేటప్పుడు విద్యార్థులు సాధారణంగా బోర్డు, సెన్సరు, తీగల ధరలనే కూడుతారు. యజమానికి కావలసిన లెక్క వేరు. తేమకు తట్టుకునే పెట్టె, బ్యాటరీ, బిగించే కూలి, నెలనెలా సిమ్ లేదా సర్వరు ఖర్చు, ఏడాదికోసారి సెన్సరు మార్పిడి, పాడైనప్పుడు వచ్చి చూసేవారి చార్జీ అన్నీ అందులో ఉంటాయి. కాబట్టి రెండు వరుసలు చూపించండి: మొదట బిగించడానికి ఒక చాంబరుకు ఎంత, తర్వాత ఏడాదికి ఎంత. కచ్చితంగా తెలియని చోట అంచనా అని రాయండి. మార్కెట్లో ఇప్పటికే దొరుకుతున్న పరికరం ధరను కూడా పక్కనే పెట్టాలి, ఎందుకంటే మీరు పెట్టకపోతే ఎదుటివారే పెడతారు. ఆ పరికరం ఏ విషయంలో మీదానికంటే మెరుగో ఒప్పుకోగలిగిన బృందం మాట మీద నమ్మకం కుదురుతుంది.

చెప్పే వరుస

పది నిమిషాలు ఇచ్చారనుకుంటే, నా అభిప్రాయంలో ఈ వరుస పనికొస్తుంది. మొదటి నిమిషంలో సమస్యను వారి పనిచోటు మాటల్లోనే చెప్పాలి: ప్రస్తుతం ఉష్ణోగ్రతను గంటకోసారి చూసి రిజిస్టరులో రాస్తున్నారు, మధ్యలో ఏం జరిగిందో తెలియదు. రెండో నిమిషంలోనే మీ కోరికను బయటపెట్టాలి. చివరిదాకా దాచిపెట్టి ఆఖర్న అడగడం కంటే, ఏం అడగబోతున్నారో ముందే తెలిస్తే వినేవారు మిగిలిన మాటలను దాని వెలుగులో తూకం వేస్తారు. తర్వాతి నాలుగు నిమిషాలు పరికరం పనిచేసే తీరును చూపించడానికి, రెండు నిమిషాలు ఫలితాలకు, వాటి పరిమితులకు, ఒక నిమిషం ఖర్చుకు, చివరి నిమిషం కోరికను మరోసారి స్పష్టంగా చెప్పడానికి.

మన ప్రాంతంలో జరిగే కార్యక్రమాల గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అతిథులకు శాలువాలు, పుష్పగుచ్ఛాలు, కాలేజీ యాజమాన్యం తొలిపలుకులు ముగిసేసరికి పదిన్నరకు మొదలు కావలసిన ప్రదర్శన పదకొండున్నరకు మొదలవుతుంది. అతిథి భోజనం వేళకు వెళ్లిపోవాలి కాబట్టి కోత పడేది విద్యార్థుల సమయానికే. ఇది తప్పదని తెలిసినప్పుడు పది నిమిషాల ప్రసంగంతో పాటు నాలుగు నిమిషాల ప్రసంగాన్ని కూడా విడిగా తయారుచేసి, విడిగా సాధన చేయాలి. పది నిమిషాల దానిని వేగంగా చదివేస్తే నాలుగు నిమిషాల ప్రసంగం కాదు. చిన్న రూపంలో సమస్య, పరికరం పనిచేస్తున్న దృశ్యం, ఒక ఫలితం, కోరిక ఉంటే చాలు.

స్లైడ్లు

వీటి గురించి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. ఎనిమిది పది స్లైడ్లు మించకూడదు, అక్షరాలు చివరి వరుసకు కనబడాలి, ఒక్కో స్లైడుకు శీర్షికగా అంశం పేరు బదులు ఆ స్లైడు చెప్పే విషయాన్ని వాక్యంగా రాయాలి. "ఫలితాలు" అనే శీర్షిక ఏమీ చెప్పదు, "తలుపు తెరిచిన ప్రతిసారీ ఉష్ణోగ్రత తిరిగి కుదుటపడటానికి ఎంతసేపు పట్టిందో ఇదిగో" అన్నది చెబుతుంది. బ్లాక్ డయాగ్రమ్ ఒకటి చాలు, కోడు స్క్రీన్‌షాట్లు అసలు వద్దు. తెలుగు అక్షరాలు వాడితే ఆ ఫాంటు వేదిక దగ్గరి కంప్యూటరులో ఉండకపోవచ్చు, అప్పుడు అక్షరాలు చెదిరిపోతాయి లేదా గడులుగా కనబడతాయి. కాబట్టి పీడీఎఫ్ ప్రతిని పెన్‌డ్రైవ్‌లో, మెయిల్‌లో కూడా ఉంచుకోవాలి.

పరికరాన్ని చూపించడం

పనిచేస్తున్న పరికరాన్ని కళ్లారా చూడడం కంటే నమ్మకం కలిగించేది లేదు. వేదిక మీద కోల్డ్ స్టోరేజీ ఉండదు కాబట్టి, ఐసు ముక్కలు వేసిన థర్మోకోల్ పెట్టెలో సెన్సరును ఉంచి, మూత తెరిచి, అంకె పెరుగుతూ హద్దు దాటగానే ముందు వరుసలో కూర్చున్న అతిథి ఫోన్‌కే సందేశం వచ్చేలా ఏర్పాటు చేయవచ్చు. అందుకు వారి నంబరును ముందుగానే, వారి అనుమతితో తీసుకోవాలి. సెన్సరు స్పందించడానికి పట్టే సమయాన్ని ముందే కొలిచి, ఆ వ్యవధిలో ఏం మాట్లాడాలో నిర్ణయించుకోవాలి, లేకపోతే అంకె కదిలే వరకు గదంతా నిశ్శబ్దంగా ఎదురుచూస్తుంది.

కాలేజీ వైఫై మీద ఆధారపడకూడదు. చాలాచోట్ల లాగిన్ పేజీ అడిగే నెట్‌వర్కుకు చిన్న బోర్డులు కలవలేవు. సొంత ఫోన్ హాట్‌స్పాట్, పూర్తిగా చార్జి చేసిన పవర్ బ్యాంకు, రెండో సెన్సరు వెంట ఉండాలి. అన్నీ విఫలమైనప్పుడు చూపించడానికి నిమిషం నిడివి గల వీడియో ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి, యూట్యూబ్‌లో కాదు. పరికరం పనిచేయకపోతే దాన్ని వేదిక మీద బాగుచేయడానికి ప్రయత్నించవద్దు. "ఇప్పుడు కలవడం లేదు, నిన్న తీసిన వీడియో చూపిస్తాం, కార్యక్రమం అయ్యాక పరికరాన్ని దగ్గరగా చూడవచ్చు" అని చెప్పి ముందుకు సాగితే సరిపోతుంది.

చాంబరు లోపలి నుంచి సంకేతం బయటికి ఎలా వస్తుందన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. తక్కువ విద్యుత్తుతో దూరం పంపగలిగే లోరా రేడియోను వాడితే, మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఫ్రీక్వెన్సీ పట్టీని నిర్దేశించిన శక్తి పరిమితుల్లో లైసెన్సు లేకుండా వాడవచ్చన్న విషయం తెలిసి ఉండాలి. విదేశీ వీడియోలు చూసి 915 మెగాహెర్ట్జ్ మాడ్యూలు కొన్న బృందాలు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఇరుక్కుంటాయి.

ఎవరు మాట్లాడాలి

నలుగురూ తలా రెండున్నర నిమిషాలు పంచుకోవడం న్యాయంగా కనబడుతుంది కానీ, మైకు చేతులు మారిన ప్రతిసారీ వినేవారి ఏకాగ్రత తెగుతుంది. పది నిమిషాల ప్రసంగానికి ఇద్దరు చాలు: ఒకరు సమస్యను, కోరికను, ఖర్చును చెప్పాలి, మరొకరు పరికరాన్ని, ఫలితాలను చూపించాలి. మిగిలిన ఇద్దరిలో ఒకరు పరికరం పక్కన ఉండి దాన్ని నడపాలి, ఇంకొకరు ప్రశ్నలన్నింటినీ రాసుకోవాలి. ప్రశ్నల సమయంలో మాత్రం ఎవరు చేసిన పనికి వారే జవాబు చెప్పాలి. నిపుణులు మాట్లాడని విద్యార్థిని ఉద్దేశించి "ఇందులో నువ్వేం చేశావమ్మా" అని అడగడం మామూలే, ఆ జవాబు తడబడితే పని అంతా ఒక్కరే చేశారన్న అభిప్రాయం స్థిరపడుతుంది. ప్రతి సభ్యుడూ తాను చేసిన పనిని, అందులో ఎదురైన ఒక ఇబ్బందిని, దాన్ని దాటిన తీరును రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. అసలు పని పంపకమే సరిగా లేని బృందాన్ని ఏ సాధనా కాపాడలేదు.

గైడ్‌గా ఉన్న అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. విద్యార్థి తడుముకుంటుంటే లేచి జవాబు చెప్పాలన్న ఆత్రుత సహజమే, అయినా ఆ కొన్ని క్షణాలు ఓపిక పట్టడమే వారికి చేసే మేలు.

భాష

అతిథులు ఏ భాషలో సౌకర్యంగా వింటారో ముందుగా అడిగి తెలుసుకోవాలి. యార్డు వ్యాపారులు, వర్క్‌షాపు యజమానులు ఉన్న చోట బట్టీపట్టిన ఇంగ్లీషు ప్రసంగం వారినీ, మిమ్మల్నీ ఇబ్బంది పెడుతుంది. తెలుగులో మాట్లాడుతూ సెన్సరు, బ్యాటరీ, సిగ్నల్ వంటి మాటలను అలాగే వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ సంస్థల నుంచి వచ్చినవారి ముందు ఇంగ్లీషు అవసరమైతే చిన్న చిన్న వాక్యాల్లోనే మాట్లాడాలి. ఏ భాషలోనైనా "సార్" అని ప్రతి వాక్యానికీ చేర్చనక్కరలేదు, పేరుకు "గారు" చేర్చి ఒకసారి సంబోధిస్తే మర్యాదకు లోటుండదు. మహిళా అతిథులు ఉన్న గదిలో అందరినీ కలిపి "సార్" అనేయడం మాత్రం మానుకోవాలి.

బయటపెట్టే ముందు పేటెంటు సంగతి

ప్రాజెక్టులో నిజంగా కొత్త ఆలోచన ఉందని గైడ్ భావిస్తే, ప్రదర్శనకు ముందే ఈ విషయం తేల్చుకోవాలి. భారతీయ పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం దరఖాస్తుకు ముందే ఆవిష్కరణను బహిరంగంగా వెల్లడిస్తే కొత్తదనం పోయినట్టే లెక్క, మినహాయింపులు చాలా పరిమితం. తాత్కాలిక వివరణతో ముందుగా దరఖాస్తు చేసి, 12 నెలల్లో పూర్తి వివరణ సమర్పించే వెసులుబాటు ఉంది. 2021లో నిబంధనలు సవరించాక విద్యాసంస్థలకు రుసుములో 80 శాతం తగ్గింపు కూడా లభిస్తోంది. అయితే దొరికే విడిభాగాలను కలిపి చేసిన చాలా ప్రాజెక్టుల్లో పేటెంటుకు తగ్గ కొత్తదనం ఉండదు, అలాంటి వాటిని రహస్యంగా దాచుకోవడం వల్ల ప్రయోజనం లేదు. వినడానికి వచ్చిన అతిథి ముందు గోప్యతా ఒప్పందం కాగితం పెట్టి సంతకం అడగడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. కోల్డ్ స్టోరేజీవారు ఇచ్చిన రిజిస్టరు అంకెల విషయంలో మాత్రం ఆ సంస్థ పేరు చెప్పవచ్చో లేదో వారినే అడగాలి.

సాధన

సాధన అంటే పాఠం అప్పజెప్పడం అనుకోకూడదు. గడియారం పెట్టుకుని, నిలబడి, మైకుతో, పరికరాన్ని నిజంగా నడుపుతూ, పూర్తిగా చేయాలి. ఒకసారి వేరే బ్రాంచి స్నేహితుల ముందు, ఒకసారి ఈ రంగంతో సంబంధం లేని ఇంటి పెద్దవారి ముందు చేసి, చివర్లో "మేము ఏం అడిగామో చెప్పండి" అని అడగాలి. వారు చెప్పలేకపోతే సవరించవలసింది వారి అవగాహనను కాదు. మరో సాధనలో స్నేహితులను కావాలనే మూడో నిమిషంలో ఆపి ప్రశ్నలు వేయమనాలి, ఎందుకంటే యజమానులు ప్రసంగం అయ్యేదాకా ఆగరు. ఆపినప్పుడు జవాబు చెప్పి, వదిలిన చోటుకు తిరిగి రావడం కూడా ఒక నైపుణ్యమే.

ప్రశ్నలకు జవాబులు

ప్రసంగంలో రాని గౌరవం ఇక్కడ సంపాదించుకోవచ్చు, వచ్చిన గౌరవాన్ని ఇక్కడే పోగొట్టుకోవచ్చు కూడా. వచ్చే ప్రశ్నలు చాలావరకు ఊహించగలిగినవే. కరెంటు పోతే ఏమవుతుంది? సందేశం రాత్రి రెండింటికి వస్తే ఎవరు చూస్తారు? సెన్సరు తప్పు అంకె చూపిస్తున్నదని ఎలా తెలుస్తుంది? మా దగ్గర ఉన్న ఆపరేటరు ఇప్పుడు చేస్తున్న దానికంటే ఇది ఏ విధంగా మేలు? మీరు పాసై హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? ఈ చివరి ప్రశ్న దాదాపు ప్రతి చోటా వస్తుంది, దాదాపు ఏ బృందం దగ్గరా జవాబు ఉండదు. పూర్తి వైరింగ్ చిత్రం, కోడు, విడిభాగాల జాబితా, సెన్సరు మార్చే పద్ధతి తెలుగులో రాసిన కాగితం అప్పగిస్తామని, జూనియర్ బ్యాచ్ దీన్ని కొనసాగించేలా గైడ్‌తో మాట్లాడామని చెప్పగలిగితే అది జవాబు. అలా మాట్లాడకుండా చెప్పడం మాత్రం వద్దు.

ప్రశ్నను పూర్తిగా విని, అర్థం కాకపోతే "మీరు అడిగేది బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందనా, చార్జింగ్ ఎలా అనా" అని నిర్ధారించుకుని, జవాబును మొదటి వాక్యంలోనే చెప్పి, అవసరమైతే తర్వాత వివరించాలి. తెలియని ప్రశ్నకు కల్పించి చెప్పిన జవాబును ఇరవై ఏళ్లు ఆ పని చేసినవారు ఇట్టే పసిగడతారు. "ఆ పరీక్ష మేము చేయలేదు, శుక్రవారంలోగా చేసి మీకు రాస్తాం" అనడం మంచిది, ఆ మాట నిలబెట్టుకోగలిగితేనే అనాలి. ఒక్కోసారి అతిథి ప్రశ్న రూపంలో తన అనుభవాన్ని చెబుతారు, దానికి ప్రతివాదన చేయకుండా రాసుకుని, దాని గురించి మరో ప్రశ్న అడగాలి. "ఇది పనికిరాదు" అన్న మాట వినబడినా, ఏ కారణం వల్ల అని అడిగి తెలుసుకుంటే, ఆ రోజు దొరికిన వాటన్నింటిలో విలువైన సమాచారం అదే కావచ్చు.

ఆ రోజున

కార్యక్రమానికి కనీసం గంట ముందే హాలుకు చేరి, ప్రొజెక్టరుకు కావలసిన కేబులు, ప్లగ్గు పాయింట్ల దూరం, మైకు చూసుకోవాలి. పాత హాళ్లలో వీజీఏ అనే పాత రకం ప్రొజెక్టరు కనెక్షన్ మాత్రమే ఉండవచ్చు, అడాప్టరు వెంట ఉంచుకోవాలి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో బస్సులో తీసుకొచ్చిన పరికరాన్ని ఏసీ హాలులో పెట్టాక సెన్సరు కుదుటపడటానికి కాస్త సమయం ఇవ్వాలి. ఒక పేజీ సారాంశాన్ని ముద్రించి పట్టుకెళ్లండి: సమస్య, ఫలితం, పరిమితి, ఖర్చు, కోరిక, బృందం తరఫున ఒకరి ఫోన్ నంబరు. దాన్ని ప్రసంగానికి ముందు పంచితే అందరూ చదువుతూ కూర్చుంటారు కాబట్టి ప్రశ్నల తర్వాతే చేతికివ్వాలి.

తర్వాతి వారం

ఆ సాయంత్రమే నలుగురూ కూర్చుని, రాసుకున్న ప్రశ్నలను సరిచూసుకోవాలి. మర్నాటికల్లా అతిథులకు మెయిల్ లేదా వాట్సాప్ సందేశం వెళ్లాలి. అందులో పొడవైన కృతజ్ఞతలకు బదులు, వారు అడిగిన ప్రశ్నల్లో అప్పటికే తెలిసిన జవాబు, మిగిలిన దానికి ఇచ్చిన గడువు, కోరికకు సంబంధించిన తర్వాతి అడుగు ఉండాలి: "ఒక చాంబరులో పెట్టడానికి వచ్చే వారం ఏ రోజు వీలవుతుందో చెబితే, మేమిద్దరం వచ్చి అరగంటలో బిగిస్తాం." వారం గడిచినా జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయవచ్చు, రెండోసారికి మౌనాన్నే జవాబుగా తీసుకుని మరో కోల్డ్ స్టోరేజీని అడగాలి. అవకాశం ఇచ్చినవారికి మాత్రం, 30 రోజులు పూర్తికాగానే, ఫలితం మీకు అనుకూలంగా వచ్చినా రాకపోయినా, వారి రిజిస్టరు అంకెల పక్కన మీ అంకెలు ఉన్న పట్టికను స్వయంగా తీసుకువెళ్లి ఇవ్వాలి. ఆ పట్టికలో రెండు అంకెలు కలవని రోజులను ఎర్రసిరాతో గుర్తుపెట్టి, ఆ రోజుల్లో ఏం జరిగిందో సూపర్‌వైజరును అడిగి, ఆయన చెప్పినదాన్ని పక్కనే రాయాలి.